సెప్టెంబరులో విశాఖ సముద్రంలో గాలం వేట: ఎంత దూరం వెళ్లాలి, ఎప్పుడు తిరగాలి

మీరు అడిగింది ఇది: హైదరాబాద్ నుంచి నలుగురు స్నేహితులు సెప్టెంబరు చివరి వారంలో భీమిలి వస్తున్నారు. ఫైబర్ బోటు ఒకటి మాట్లాడుకున్నారు. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరి, ముప్పై కిలోమీటర్లు లోపలికి వెళ్లి, కోనాం (వంజరం), సూర (ట్యూనా) చేపలకు గాలం వేసి, సాయంత్రం నాలుగింటికి ఒడ్డుకు చేరాలని ఆలోచన. ఫోనులో మూడు యాప్‌లు మూడు రకాలుగా చెబుతున్నాయి. సగం డబ్బు ముందే ఇచ్చేశారు. వెళ్లవచ్చా, వద్దా?

వెళ్లవచ్చు, కానీ ఈ పథకంతో వద్దు. ముప్పై కిలోమీటర్లను పన్నెండుకు తగ్గించండి. సాయంత్రం నాలుగుకు బదులు మధ్యాహ్నం పన్నెండుకల్లా ఒడ్డున ఉండండి. వీలైతే భీమిలి ఇసుక ఒడ్డున కాకుండా విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఎక్కండి. ఎందుకో వివరంగా చెబుతాను. నేను ఈ తీరంలో వేట చేసే ఇంట్లో పుట్టి, చాలా ఏళ్లు బోటు మీద ఉండి, ఇప్పుడు బోటు ఇంజన్లు బాగుచేసుకుంటూ బతుకుతున్నవాడిని. అందువల్ల నా మాటల్లో సముద్రం మీద కంటే ఇంజను మీద అనుమానం కొంచెం ఎక్కువ కనిపిస్తుంది. సర్దుకోండి.

బయటి నుంచి వచ్చేవాళ్లందరూ "ఆ రోజు వాన పడుతుందా?" అని అడుగుతారు. వాన పడితే తడుస్తారు, అంతే. నిజంగా తెలుసుకోవలసినవి రెండు. ముంచుకొచ్చే గాలి గురించి ఆకాశం ఎంత ముందుగా చెబుతుంది? ఉన్న చోటి నుంచి ఒడ్డుకు చేరడానికి ఎంతసేపు పడుతుంది? మొదటి సమయం రెండో సమయం కంటే ఎక్కువగా ఉన్నంత వరకే మీరు అక్కడ ఉండాలి. ఈ లెక్క ఋతువును బట్టి మారుతుంది. ఫిబ్రవరిలో మా తీరంలో గాలి మారబోతోందంటే చాలాసార్లు ముందు రోజే తెలుస్తుంది. అప్పుడు ముప్పై కిలోమీటర్లు వెళ్లినా నేను మాట్లాడను. సెప్టెంబరులో సాయంత్రపు ఉరుముల మబ్బు చాలాసార్లు ముప్పావుగంటకు మించి గడువు ఇవ్వదు.

ఇప్పుడు మీ బోటు సంగతి చూడండి. మా దగ్గర ఫైబర్ బోట్లకు ఎక్కువగా 9.9 హార్స్‌పవర్ ఇంజను ఉంటుంది. నలుగురు అతిథులు, ఇద్దరు బోటువాళ్లు, ఐసు, ఇంజనుకు పోసే నూనె (ఇంధనం) డబ్బాలు ఎక్కాక, నీరు ప్రశాంతంగా ఉంటే అది గంటకు పది పన్నెండు కిలోమీటర్లు పోతుంది. ఎదురుగాలిలో, ఎదురు కెరటాల్లో అందులో సగం పోయినా గొప్పే. అంటే ముప్పై కిలోమీటర్ల నుంచి తిరిగి రావడానికి మంచి రోజున మూడు గంటలు, గాలి లేచిన రోజున ఐదారు గంటలు. ఆకాశం ఇచ్చే గడువు ముప్పావుగంట. పన్నెండు కిలోమీటర్లకు కూడా గంట పైనే పడుతుంది కాబట్టి ఆ దూరమూ పూర్తిగా సరిపోదు. అందుకే దూరంతో పాటు గడియారాన్ని కూడా కలుపుతున్నాను. మబ్బు లేచే వేళకు మీరు అసలు నీటి మీద ఉండకూడదు.

ఆ మబ్బు వేళాపాళా లేకుండా రాదు. నైరుతి రుతుపవనాలు వెనక్కి తగ్గే కాలంలో, ఉదయమంతా ఎండ కాస్తే, మధ్యాహ్నానికి పడమట తూర్పు కనుమల మీద మబ్బులు గోపురాల్లా పైకి లేస్తాయి. పై గాలులు పడమటి నుంచి వీస్తుంటే ఆ మబ్బులు సాయంత్రానికి తీరం దాటి సముద్రం మీదికి వస్తాయి. కొత్తవాళ్లు ఎప్పుడూ తూర్పు వైపు, సముద్రం మీదికే చూస్తుంటారు. ప్రమాదం వీపు వెనుక నుంచి, కొండల వైపు నుంచి వస్తుంది. బోటులో ఒకరికి ఒడ్డు వైపు చూసే పని అప్పగించండి. పదకొండు గంటలకే కొండల మీద మబ్బు కాలీఫ్లవర్ గడ్డలాగా గట్టి అంచులతో ఎదుగుతుంటే, పైభాగం దాగలిలా పరచుకోకముందే ఇంటిదారి పట్టాలి. దాని కింద నల్లటి పట్టీ కనిపించి, ఉక్కపోతలో ఉన్నట్టుండి చల్లగాలి ముఖానికి తగిలిందంటే ఇక గడువు లేదు. వాన కంటే ముందు వచ్చేది ఆ గాలే. ముంచేది కూడా అదే.

మీ యాప్‌లు ఎందుకు తలోమాట చెబుతున్నాయో కూడా ఇక్కడే ఉంది. అవి చూపించే గాలి లెక్క సముద్రాన్ని గళ్లుగా విభజించి, ఒక్కో గడికి ఒక సగటు ఇస్తుంది. ఒక్కో గడి పది నుంచి పాతిక కిలోమీటర్ల వరకు ఉంటుంది. ఉరుముల మబ్బు ఆ గడి కంటే చిన్నది కావచ్చు. యాప్‌లో "గాలి గంటకు 15 కిలోమీటర్లు" అని ఉన్న చోటనే అరగంట పాటు 60 వీచి ఆగిపోగలదు. యాప్ అబద్ధం చెప్పినట్టు కాదు, దాని జల్లెడలో అంత చిన్న గింజ ఆగలేదు. కాబట్టి వారం ముందు యాప్‌ల మధ్య పంచాయితీ పెట్టుకోకండి. వారం ముందు చూడవలసింది ఒక్కటే: బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడే సూచన ఉందా?

ఉంటే వెళ్లకండి. దీనికి మినహాయింపు లేదు. అల్పపీడనం ఉన్నప్పుడు నేను పైన చెప్పిన మధ్యాహ్నపు లెక్క కూడా పనిచేయదు. మబ్బు పట్టీలు అర్ధరాత్రి అయినా, తెల్లవారుజామున అయినా సముద్రం వైపు నుంచే వస్తాయి. సెప్టెంబరు చివర అంటే మా తీరానికి తుపానుల తలుపు తెరుచుకునే వేళ. 2021 సెప్టెంబరు 26న గులాబ్ ఉత్తరాంధ్రలోనే తీరం దాటింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2014లో సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖ మీద, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర. మీరు యాత్రను రెండు వారాలు వాయిదా వేద్దామనుకుంటున్నారేమో, అది పెనం మీద నుంచి పొయ్యిలో పడటమే. వాయిదా వేస్తే జనవరికో ఫిబ్రవరికో వేయండి.

ముందు రోజు సాయంత్రం విశాఖలోని తుపాను హెచ్చరికల కేంద్రం మత్స్యకారులకు ఇచ్చే హెచ్చరిక చూడండి. "గంటకు 45 నుంచి 55, ఒక్కోసారి 65 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు" అన్న వాక్యం అందులో మీ తీరానికి కనిపిస్తే ఆ పూటకు సామాను సర్దేయండి. హార్బర్‌లో ప్రమాద సూచిక ఎగురవేశారేమో అడగండి. ఒకటో నంబరు అంటే దూరంగా సముద్రంలో ఏదో తయారవుతోందని అర్థం. అది ఓడలకు "దూరపు" సంగతి, మీ ఫైబర్ బోటుకు కాదు. ఆ తరువాత సముద్ర సమాచారం ఇచ్చే, మీ హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ కెరటాల సూచన చూడండి. చిన్న పడవల కోసం 2020 నుంచి వాళ్లు ప్రత్యేకంగా సలహా ఇస్తున్నారు. బయలుదేరే ముందు, మళ్లీ తొమ్మిదింటికి సిగ్నల్ అందితే, కైలాసగిరి మీది డాప్లర్ రాడార్ చిత్రం వాతావరణ శాఖ వెబ్‌సైట్‌లో తెరవండి. ఉరుముల మబ్బు ఎక్కడుందో, ఎటు కదులుతోందో చూపించేది అదే. పిడుగుల కోసం దామిని యాప్ పెట్టుకోండి.

కెరటాల సూచన చదవడంలో ఒక చిక్కుంది. "అలల ఎత్తు 2 మీటర్లు" అంటే ప్రతి అలా రెండు మీటర్లకు లోబడి ఉంటుందని కాదు. వచ్చే అలలన్నిటిలో అన్నిటికంటే పెద్దవైన మూడో వంతు అలల సగటు అది. ఆ రోజంతా తిరిగితే దానికి దాదాపు రెండింతలు ఉన్న అల ఒకటో రెండో ఎదురుకావచ్చు. నా లెక్కలో అలవాటు లేని నలుగురితో వెళ్లే బోటుకు సూచనలో ఒకటిన్నర మీటరు దాటితే మానుకోవడమే మంచిది. ఎత్తుతో పాటు అలకు అలకు మధ్య ఎన్ని సెకన్లో కూడా చూడండి. ఐదారు సెకన్లకోసారి వచ్చే పొట్టి అల నడి సముద్రంలో వీపు విరగ్గొడుతుంది. పద్నాలుగు పదిహేను సెకన్లకోసారి వచ్చే పొడవాటి కెరటం నడి సముద్రంలో ఊయల ఊపినట్టు ఉంటుంది, ఉందని కూడా తెలియదు. ఒడ్డు దగ్గరికి వచ్చేసరికి అదే రాక్షసి అవుతుంది. దక్షిణ హిందూ మహాసముద్రంలో ఎక్కడో వీచిన గాలికి పుట్టి రోజుల తరబడి ప్రయాణించి వస్తుంది కాబట్టి, మా దగ్గర గాలి ఊసే లేని రోజున కూడా అది రాగలదు.

ఇసుక ఒడ్డు వద్దన్నది అందుకే. భీమిలి, ఋషికొండ లాంటి చోట్ల బోటును కెరటాల్లోంచి దాటించాలి. లోతు తగ్గే కొద్దీ కెరటం వేగం తగ్గి, ఎత్తు పెరిగి, నీటి లోతు దాని ఎత్తుకు ఒకటింబావు రెట్లకు చేరేసరికి విరిగి పడుతుంది. మా వైపు ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో నేను ఎరిగినవి ఎక్కువగా నడి సముద్రంలో జరిగినవి కావు, ఒడ్డుకు వంద రెండు వందల మీటర్ల దూరంలో, ఇళ్లు కనిపిస్తుండగా జరిగినవి. తిరిగి వచ్చేటప్పుడు వెనుక నుంచి కెరటం బోటును ముందుకు తోసి, అడ్డంగా తిప్పి, తిరగేస్తుంది. అనుభవం ఉన్న బోటువాడు విరిగే గీతకు బయట ఆగి, పెద్ద కెరటాల గుంపు పోయేదాకా చూసి, ఆ తరువాతి విరామంలో ఒక్క ఊపున లోపలికి తెస్తాడు. ఆ పది నిమిషాలు ఎవరూ లేచి నిలబడకూడదు, వీడియో తీయకూడదు, "ఇంకా ఎంతసేపు?" అని అడగకూడదు. హార్బర్‌లో అయితే గోడల చాటున లోపలికి వచ్చేస్తారు, ఈ పరీక్షే ఉండదు. అక్కడ వేరే నియమాలు ఉంటాయి. ఓడల దారిలో ఆగకూడదు, డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు నౌకాదళ ప్రాంతం దరిదాపులకు పోకూడదు. ఆధార్ కార్డులు దగ్గర పెట్టుకోండి, తనిఖీ చేస్తే చూపించాలి.

ఇంకొక మోసం గురించి చెప్పాలి. పడమటి గాలి వీస్తున్న ఉదయం ఒడ్డున నిలబడి చూస్తే సముద్రం అద్దంలా ఉంటుంది. గాలి నేల మీద నుంచి నీటి మీదికి పోతోంది కాబట్టి, ఒడ్డు పక్కన అల లేవడానికి చోటే లేదు. లోపలికి పోయే కొద్దీ అల పెరుగుతుంది. పోయేటప్పుడు గాలి వెనుక నుంచి తోస్తుంటే ప్రయాణం హాయిగా ఉంటుంది, ఎంత దూరం వచ్చారో తెలియదు. తిరిగేటప్పుడు మొత్తం ఎదురు. ఆ స్థితిలో ఇంజను ఆగిందా, గాలి మిమ్మల్ని ఒడ్డుకు చేర్చదు, ఇంకా లోపలికి తోస్తుంది. తూర్పు గాలి రోజున ఇంజను చెడితే కనీసం ఒడ్డు వైపుకే కొట్టుకొస్తారు. అందుకే పడమటి గాలి రోజున నేను దూరాన్ని ఇంకా సగానికి తగ్గిస్తాను.

ఇంజను విషయంలో బోటు యజమానిని మూడు మాటలు అడగండి. రెండో ఇంజను, చిన్నదైనా సరే, ఉందా? నూనె ఎంత తీసుకెళ్తారు? పోవడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, ఎదురుగాలికి ఒక వంతు ఉండాలి. నూనెను గుడ్డతో వడపోసి పోస్తారా? ఇది విని నవ్వకండి. వానాకాలంలో నా దుకాణానికి వచ్చే ఇంజన్లలో పెద్ద జబ్బు డబ్బాలో చేరిన నీళ్లే. అల ఊపుకు అడుగున ఉన్న నీరు కదిలి, సరిగ్గా గాలి లేచిన వేళకే ఇంజనులోకి పోతుంది. ప్రశాంతంగా ఉన్నప్పుడు నడిచిన ఇంజను, కష్టం వచ్చినప్పుడే ఆగడం వెనుక దేవుడి లీల ఏమీ లేదు. ఒకవేళ ఆగితే బోటును అడ్డంగా తిరగనివ్వకూడదు. బకెట్టునో, పాత వల మూటనో తాడుకు కట్టి ముందు కొమ్ము నుంచి నీటిలో వదిలితే, అది ఈడ్చుకుంటూ బోటు ముఖాన్ని కెరటానికి ఎదురుగా నిలుపుతుంది. కోస్ట్ గార్డ్ నంబరు 1554, మెరైన్ పోలీసు నంబరు 1093. బోటులో వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టు ఉంటే 16వ ఛానెల్‌లో సాయం అడగండి. లైఫ్ జాకెట్లు ఆరుగురికీ ఉండాలి, ఒంటి మీద ఉండాలి. సీటు కింద మూట కట్టిన జాకెట్ అవసరమైనప్పుడు విప్పడం కుదరదు.

ఇంత కుదించాక చేపలు దొరుకుతాయా అని మీరు అడుగుతారు. దొరుకుతాయి. మీరు మొదట అనుకున్న పథకంలో పనికొచ్చే భాగం అసలు ఉదయపు భాగమే. వెలుగు రేఖ పడ్డప్పటి నుంచి ఎనిమిదిన్నర, తొమ్మిది వరకు కోనాం, సూర పైనీటిలో చిన్న చేపలను తరుముతుంటాయి. ఎండ ఎక్కాక మేత తగ్గిస్తాయి. పన్నెండు నుంచి నాలుగు వరకు ముప్పై కిలోమీటర్ల లోపల కూర్చుని మీరు చేసేది ఎక్కువగా వాంతులే. వానాకాలంలో వరద నీరు కలిసిన మట్టిరంగు, లోపలి నీలం కలిసే గీత ఒకటి కనిపిస్తుంది. దాన్ని దాటి నీలం వైపు కొద్ది దూరంలో, గీతకు సమాంతరంగా బోటును నెమ్మదిగా నడుపుతూ గాలాన్ని ఈడ్చమనండి. పక్షులు నీటి మీదికి దూకే చోటు, తేలుతున్న దుంగ కనిపిస్తే దాని చుట్టూ ఒక తిప్పు తిప్పండి. కోనాం పళ్లు నైలాన్ దారాన్ని కత్తిరిస్తాయి కాబట్టి గాలానికి పైన ఒక జానెడు ఉక్కు తీగ తప్పనిసరి. ఎరకు కానాగంతలు, కవ్వళ్లు చాలు. ఇన్‌కాయిస్ ఇచ్చే చేపల జాడ సమాచారం ఉంటే మంచిదే. అది ఉపగ్రహం చూసిన నీటి ఉష్ణోగ్రత, నీటిలోని పచ్చదనం ఆధారంగా ఇస్తారు. మబ్బు కమ్మితే ఉపగ్రహానికి నీరు కనిపించదు కాబట్టి మీరు వచ్చే కాలంలో అది చాలా రోజులు దొరకదు.

దారాన్ని చేతికి చుట్టుకోకండి. ఇది మీ నలుగురిలో ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పండి. 2025 జూలైలో పూడిమడక నుంచి వేటకు వెళ్లిన ఒక మత్స్యకారుడిని గాలానికి పడిన కొమ్ముకోనాం (మార్లిన్) చేప నీటిలోకి లాక్కుపోయింది. పుట్టినప్పటి నుంచి సముద్రం మీద ఉన్న మనిషి ఆయన. మీ గాలానికి కొమ్ముకోనాం పడితే దారం కోసేయడానికి కత్తి ఒకటి అందుబాటులో ఉండాలి. జెల్ల పడితే ముల్లు ముట్టుకోకుండా బోటువాళ్లకు వదిలేయండి. గుచ్చుకుంటే చర్మం ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో చేతిని ఉంచితే నొప్పి తగ్గుతుంది, ఆ తరువాత డాక్టరుకు చూపించాలి.

ఉరుము వినిపిస్తే గాలం కర్రలు పడుకోబెట్టండి. చుట్టూ ఉన్న నీటి మీద ఎత్తయిన వస్తువు మీరూ మీ కర్రలే. మెరుపుకు, ఉరుముకు మధ్య మూడు సెకన్లకు ఒక కిలోమీటరు చొప్పున లెక్కేసుకోవచ్చు, కానీ ఆ లెక్క ఇంటికి ఎంత వేగంగా పోవాలో తెలుసుకోవడానికే, ఇంకో చేప పట్టే వీలుందా అని చూడటానికి కాదు. వాంతుల మాత్ర ముందు రాత్రి ఒకటి, బయలుదేరే అరగంట ముందు ఒకటి డాక్టరును అడిగి వేసుకోండి. దానివల్ల మత్తు వస్తుంది కాబట్టి, దానికి తోడు మద్యం బోటులోకి రానివ్వకండి. ఫోను చూస్తూ కూర్చున్నవాడికే ముందు తిప్పుతుంది. దూరంగా ఒడ్డు కొండల గీతను చూడమనండి. కొండల వైపు చూసే మనిషి ఎలాగూ కావాలన్నాను కదా.

ఇక డబ్బు. ఇచ్చిన అడ్వాన్సును పోయిన సొమ్ము కింద రాసేసుకోండి. నేను ఇంత రాసిందంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. మా బోటువాళ్లకు గాలి తెలియదని కాదు, మీకంటే, యాప్‌ల కంటే, చాలాసార్లు నాకంటే బాగా తెలుసు. కానీ వాళ్లకు ఆ రోజు కూలి కావాలి. హైదరాబాద్ నుంచి వచ్చిన నలుగురు ఒడ్డున మొహాలు వేలాడేసుకుని నిలబడితే "పోదాం పదండి, ఏమీ కాదు" అంటారు. వేటకు వాళ్లు ఒంటరిగా పోని రోజున కూడా మిమ్మల్ని తీసుకుపోతారు. బేరం ఆడేటప్పుడే చెప్పేయండి: "గాలి బాగాలేదని మీరు ఒడ్డునే ఆపేసినా పూర్తి డబ్బు ఇస్తాం. సగంలో వెనక్కి తిప్పినా పూర్తి డబ్బే." ఈ ఒక్క మాటతో ఆయనకు నిజం చెప్పే స్వేచ్ఛ వస్తుంది. ఆ తెల్లవారుజామున మీ పక్కన ఎన్ని బోట్లు నీటిలోకి దిగుతున్నాయో కూడా చూడండి. మిగతావన్నీ ఇసుక మీదే ఉంటే ఇంకేమీ అడగనక్కర్లేదు.

చివరగా ఐసు. చేపల బరువుకు సమానంగా ఐసు తీసుకెళ్లండి, పొడిచేసిన ఐసు అయితే మేలు. సూర చేపను ఎండలో గంటల తరబడి బోటు అడుగున పడేస్తే దాని మాంసంలో హిస్టమిన్ పుడుతుంది. ఎంత ఉడికించినా అది పోదు. ముఖం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు వచ్చి సముద్రం చేయని పని కూర చేస్తుంది. పట్టిన వెంటనే రక్తం తీసి, మొప్పలు, పేగులు తీసేసి ఐసులో పెట్టమనండి. హైదరాబాద్ తీసుకుపోవాలంటే థర్మకోల్ పెట్టె ముందే కొనుక్కోండి, హార్బర్ దగ్గర దొరుకుతుంది.

బోటు ఏ రేవు నుంచి, రెండో ఇంజను ఉందో లేదో కనుక్కుని రాయండి. ఆ రెండూ తెలిస్తే మీ తేదీ దగ్గర పడ్డాక ఇంకొంచెం కచ్చితంగా చెప్పగలను.